గర్భాశయ ముఖ కాన్సర్: వైరస్ రకాలు

శ్రోతలారా, ఇంటిల్లిపాదీ కూర్చుని వినే రేడియోలో ఈ అవయవం పేరు పలుకవచ్చునా అని మిత్రులొకరు సందేహించినారు. పలుకక తప్పదు. మన దేశపు స్త్రీలలో రొమ్ము కాన్సర్ తరువాత ఎక్కువగా కనిపించేది గర్భాశయ ముఖానికి వచ్చే కాన్సరే.

1951 ఆరంభంలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఇల్లాలు వచ్చినది. వయస్సు 30, అయిదుగురు బిడ్డల తల్లి. గర్భాశయ ముఖాన కంతి కనబడినది. రేడియంతో చికిత్స చేసినా అక్టోబరులో ఆమె కన్నుమూసినది. అనుమతి అడుగకుండ తీసిన ఆ కంతి ముక్కలోని కణాలు మాత్రం నేటికీ ప్రయోగశాలలలో పెరుగుతూనే ఉన్నవి. వానినే హీలా కణాలంటారు. ఇంతటి ఉద్ధృతి వానికి ఎక్కడిది?

సమాధానానికి 30 ఏండ్లకు పైగా పట్టినది. జర్మనీలో హారల్డ్ త్సుర్ హౌసెన్, ఆయన సహచరులు 1983, 1984 సంవత్సరాలలో ఈ కాన్సర్ కంతులలో రెండు వైరస్ రకాలను కనుగొన్నారు. ఇవి పులిపిరులు పుట్టించే కుటుంబానికి చెందిన పాపిలోమా వైరస్‌లు. ఆ కుటుంబంలో 200కు పైగా రకాలున్నవి. చేతిమీద పులిపిరి లేపి ఊరకుండేవి కొన్ని. కాన్సర్ తెచ్చేవి కొద్ది మాత్రమే. వానిలో 16వ రకం, 18వ రకం కలిసి నూటికి సుమారు 70 గర్భాశయ ముఖ కాన్సర్లకు కారణం. హెన్రియెట్టా కణాలలో ఉన్నది 18వ రకం.

ఈ రెండింటి నడత ఒక్కటి కాదు. గర్భాశయ ముఖపు వెలుపలి భాగాన్ని పలుచని పొలుసు కణాలు కప్పి ఉంటవి. లోపలి సన్నని మార్గంలో జిగురు స్రవించే గ్రంథి కణాలుంటవి. పొలుసు కణాల కాన్సర్లలో 16వ రకానిదే పెద్ద వాటా. గ్రంథి కణాల కాన్సర్లలో 18వ రకం పాలు బాగా పెరుగుతుంది. అది లోపల దాగి ఉండుటచేత పరీక్షకు సులభంగా చిక్కదు. హెన్రియెట్టా వ్యాధిని కూడ ఆనాడు పొలుసు కణాల కాన్సర్ అనే వ్రాసినారు. ఆమె మరణించిన చాలా ఏండ్లకు గాని అది గ్రంథి కణాలదని తేలలేదు.

వైరస్‌లోని రెండు ప్రోటీనులు కణానికి కావలి కాసే రెండు ప్రోటీనులను పనిచేయనీయవు. కణవిభజనకు అదుపు తప్పుతుంది. పైగా 18వ రకం దాదాపు ప్రతి కంతిలోను మన క్రోమోసోములోనే అతుక్కుని ఉంటుంది. 16వ రకం ఒక్కొక్కప్పుడు విడిగానే ఉండిపోతుంది. హీలా కణాలలో అది ఎనిమిదవ క్రోమోసోముపై, పెరుగుదలను పురికొల్పే జన్యువుకు చేరువలో చొరబడి ఉన్నది.

అట్లని 18 అన్న అంకె మరణశాసనం కాదు. ఏ రకమైతే రోగి ఎన్నాళ్ళు బ్రదుకుతుందన్న విషయంలో పరిశోధకుల లెక్కలు ఏకీభవించవు. వ్యాధి ఏ దశలో దొరికినదన్నదే ముఖ్యం. వైరస్ సోకిన వారిలో అధికులకు రెండేండ్లలోపే అది తనంతట తొలగిపోతుంది. తిష్ఠ వేసినా కాన్సరుగా మారడానికి సాధారణంగా పది, ఇరువది ఏండ్లు పడుతుంది. కనుక 16 గాని 18 గాని పరీక్షలో కనిపించిన స్త్రీని వైద్యులు సాధారణంగా జాగు చేయక భూతద్దపు పరీక్షకు పంపుతారు. టీకా ఈ రెండు రకాలను రానీయదు గాని, వచ్చిన దానిని పోగొట్టలేదు. ఇక సిగ్గుపడేవారికి ఒక మాట: ఈ వైరస్ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తన గదిలో తానే తీసి ఇచ్చే పద్ధతి కూడ ఇప్పుడున్నది.