తాడు మీద అల: ఏకమితీయ తరంగ సమీకరణం



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆయన పేరు ఆహ్వాన పత్రిక మీద ఉంది. అమలాపురంలో ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు కనక నేనూ మాష్టారనే అంటాను. స్మారకోపన్యాసం అనగానే పోయినవారి గుణగణాలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. మాష్టారికి అది గిట్టేది కాదు. ఎవరైనా దండ పట్టుకొస్తే "ముందు పాఠం కానివ్వండి" అనేవారు. కాబట్టి పాఠమే చెబుతాను, అదీ ఆయన ఇష్టంగా చెప్పే పాఠం.

ఇంటర్ రెండో ఏడు ఫిజిక్సులో మొదటి చాప్టరు తరంగాలు. సాగదీసిన తీగలో స్థిర తరంగాలు ఎలా ఏర్పడతాయో వివరించి, తీగల నియమాలు రాబట్టమని ఎనిమిది మార్కుల ప్రశ్న ఏళ్ల తరబడి వస్తోంది. పిల్లలు అచ్చుగుద్దినట్టు రాస్తారు. డిగ్రీలో చేరాక అదే తీగ మళ్లీ ఎదురవుతుంది, ఈసారి పాక్షిక అవకలన సమీకరణంగా. డో స్క్వేర్ వై బై డో టీ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు వీ స్క్వేర్ ఇంటూ డో స్క్వేర్ వై బై డో ఎక్స్ స్క్వేర్. ఇదీ అప్పజెబుతారు. "బాబూ, ఎడమ పక్కనున్న త్వరణం దేనిది?" అని అడిగి చూడండి. "తరంగానిదండీ" అంటారు చాలామంది. తరంగానికి త్వరణమెక్కడిది? అది ఒకే వేగంతో పోతోంది. ఆ త్వరణం తాడులో ఒక చిన్న ముక్కది. అదీ తరంగం పోయే దిక్కున కాదు, దానికి అడ్డంగా, పైకీ కిందికీ. ఈ తికమక తీరకుండా ముందుకెళితే ఎన్ని సాధనలు నేర్పినా అది మంత్రపఠనమే.

మాష్టారు బోర్డు దగ్గరికి వెళ్లేముందు పిల్లల్ని బయటికి తీసుకెళ్లేవారు. కోనసీమలో కొబ్బరి తాడుకీ చెట్టుకీ కరువు లేదు కదా. పది మీటర్ల తాడు, తూకం వేస్తే కిలో. ఒక కొస చెట్టుకి కట్టి, రెండో కొస నాలుగు కిలోల బరువు మోసేంత బిగువుగా లాగి పట్టుకుంటారు. తాడు తన బరువుకి తాను మధ్యలో అడుగు మేర కుంగుతుంది, ఫరవాలేదు. చేతిని ఒక్కసారి పైకి విదిలించి ఆపాలి. ఒక మూపురం లేచి తాడు వెంట పరుగెత్తుతుంది, చెట్టుకి తగిలి తిరిగొస్తుంది. వెళ్లేటప్పుడు పైకి ఉన్న మూపురం వచ్చేటప్పుడు కిందికి తిరగబడి వస్తుంది. చేతిలో కిందికి లాగినట్టు ఒక కుదుపు తగులుతుంది. రానూ పోనూ కలిపి సుమారు ఒక సెకను. అప్పుడు ప్రశ్న: మూపురం ఇంకా త్వరగా చెట్టుని చేరాలంటే ఏం చేయాలి?

చేయి ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా విదిలించాలంటారు పిల్లలు. మన పిల్లలే కాదు. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ విట్‌మన్, రిచర్డ్ స్టైన్‌బర్గ్, ఎడ్వర్డ్ రెడిష్ అక్కడి విద్యార్థుల్ని సరిగ్గా ఈ ప్రశ్నే అడిగి 1999లో ఒక వ్యాసం రాశారు. అక్కడా చాలామంది చేతినే నమ్ముకున్నారు. మూపురాన్ని విసిరిన రాయిలా ఊహించుకోవడమే దీనికి కారణమని వాళ్లు తేల్చారు. నిజానికి చేయి వేగంగా ఆడిస్తే మూపురం ఇరుకవుతుంది, ఎక్కువ ఎత్తు లేపితే పొడుగవుతుంది. అంతేగాని తొందరగా పోదు. తొందర తాడు చేతిలో ఉంది. బిగువు పెంచండి, లేదా తేలిక తాడు తెండి. మరో మార్గం లేదు.

ఎందుకు లేదో చెప్పేదే ఆ సమీకరణం.

తాడులో పక్కపక్కనున్న మూడు చిన్న ముక్కల్ని తీసుకోండి. నడిమి ముక్కకి చెట్టు సంగతి తెలియదు, మీ చేయి సంగతీ తెలియదు. దానికి తెలిసిందల్లా ఎడమ పక్క లాగుడు, కుడి పక్క లాగుడు. రెండూ ఒకే బిగువు, దిక్కులో మాత్రమే తేడా. మూడు ముక్కలూ ఒకే గీత మీద ఉంటే, ఆ గీత ఎంత ఏటవాలుగా ఉన్నా సరే, రెండు లాగుళ్లూ సరిగ్గా ఎదురెదురై చెల్లిపోతాయి. నికర బలం సున్న. నడిమి ముక్క తన ఇరుపక్కల ఎత్తుల సగటు కన్నా కింద ఉంటే పైకి లాగబడుతుంది. పైన ఉంటే కిందికి. ఎంత తేడా ఉంటే అంత బలం. ఆ తేడానే గణితంలో ఎక్స్ పరంగా రెండో అవకలజం అంటాం, మామూలు మాటలో వంపు. "ఏటవాలుకి బలం లేదు, వంపుకే బలం" అని మాష్టారు ఇక్కడ బల్ల మీద చరిచేవారు. ఆ బలాన్ని ముక్క ద్రవ్యరాశితో భాగిస్తే దాని త్వరణం. సమీకరణం అయిపోయింది. కుడి పక్క వంపు, ఎడమ పక్క త్వరణం, మధ్యలో వీ స్క్వేర్. ఆ వీ స్క్వేర్ బిగువుని, అంటే తన్యతని, ఏకాంక దైర్ఘ్య ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేది. మన తాడుకి తన్యత నలభై న్యూటన్లు, మీటరుకి వంద గ్రాములు. భాగిస్తే నాలుగు వందలు, వర్గమూలం ఇరవై. సెకనుకి ఇరవై మీటర్లు. పది మీటర్లు వెళ్లి రావడానికి ఒక సెకను. చేతి ప్రస్తావన ఈ లెక్కలో ఎక్కడా రాలేదు చూడండి.

ఇక్కడ తెలివైన పిల్లవాడు ఒక అడ్డు ప్రశ్న వేయాలి. ఊడ్పుల్లో ఆడవాళ్ల వరస కూడా ఇలాంటిదే కదా? ప్రతి మనిషీ ఇరుపక్కల వాళ్లని చూసుకుని, వెనకబడితే సర్దుకుంటుంది. మరి ఆ వరసలో అల ఎందుకు పుట్టదు? ఎందుకంటే ఆమె సగటుకి రాగానే ఆగుతుంది. తాడు ముక్క ఆగలేదు. సగటు దగ్గరికి వచ్చేసరికి దానికి వేగం వచ్చి ఉంటుంది, జడత్వం దాన్ని అవతలికి తోసేస్తుంది. వంపు ముక్క వేగాన్నే నిర్ణయించి ఊరుకుంటే గతుకులు మెల్లగా చదునైపోతాయి. ఇనప కడ్డీలో వేడి పాకే తీరు అది, కాలం పరంగా ఒకే ఒక్క అవకలనం. వంపు త్వరణాన్ని నిర్ణయిస్తే అల పుడుతుంది. ఎడమ పక్క రెండుసార్లు అవకలనం చేయడం వెనకున్న మర్మం ఇది. పాఠ్యపుస్తకాల్లో ఈ పోలికకి ఒక్క పేరా కేటాయించరెందుకో నాకు అర్థం కాదు.

న్యూటన్ గమన సూత్రాలు 1687లో అచ్చయ్యాయి. మెర్సెన్ అప్పటికే 1636లో తీగల నియమాలు ప్రయోగం మీద చెప్పి ఉన్నాడు. బ్రూక్ టేలర్ 1713లో తీగ ప్రాథమిక పౌనఃపున్యాన్ని రాబట్టాడు. అయినా తీగలో ముక్కముక్కకీ న్యూటన్ సూత్రం రాసి పూర్తి సమీకరణం నిలబెట్టింది 1747లో ఫ్రెంచివాడు డాలంబేర్. న్యూటన్ తర్వాత అరవై ఏళ్లు పట్టింది. మన పిల్లలకి ఒక పీరియడులో ఎక్కలేదని విసుక్కునే లెక్చరర్లు ఈ అరవై ఏళ్లని గుర్తుపెట్టుకుంటే మంచిది.

డాలంబేర్ జవాబు కూడా చెప్పాడు. ఏ ఆకారమైనా సరే, వీ వేగంతో చెక్కుచెదరకుండా కుడికి పోవచ్చు, అలాగే ఎడమకీ పోవచ్చు. ఈ రెండింటి మొత్తమే సాధన. అల అంటే సైను వక్రమేనన్న భ్రమ ఇక్కడితో పోవాలి. మరుసటి ఏడాది ఆయిలర్ పేచీ పెట్టాడు: మీటిన తీగకి మూల ఉంటుంది కదా, అవకలనం కుదరని అలాంటి ఆకారాన్నీ ఒప్పుకోవాలని. 1753లో డేనియల్ బెర్నూలీ వచ్చి, ఏ కంపనమైనా సైను వక్రాల కూడికేనన్నాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఫూరియే వచ్చేదాకా ఆ తగువు తేలలేదు.

ఆ మూల సంగతి వీణ మీద చూద్దాం. వీణకి దూరం పోనక్కర్లేదు, ఈమని శంకరశాస్త్రిగారు పుట్టిన ద్రాక్షారామం మన పక్కనే. సారణి తీగని వేలితో లాగి పట్టుకుంటే అది త్రిభుజం: రెండు తిన్నని భుజాలు, ఒక మూల. వదిలేయగానే ఏమవుతుంది? తీగంతా ఒక్కసారిగా కిందికి దిగుతుందనుకుంటాం. దిగదు. భుజాలు తిన్నగా ఉన్నాయి, వంపు లేదు, కాబట్టి బలం లేదు. అవి ఎత్తుకి ఎత్తుగానే నిలబడి ఉంటాయి. వంపంతా మూల దగ్గరే ఉంది. ఆ మూల రెండుగా చీలి, ఒకటి మెట్ల వైపు, ఒకటి గుర్రం వైపు పరుగెడతాయి. రెండు మూలల మధ్య తీగ తిన్నగా సాగుతూ దిగుతుంది. పరుగెత్తే మూల వచ్చి తాకేదాకా ఆ పక్క తీగ కదలదు, తనని వదిలేశారన్న కబురే దానికి అందదు. తీగ సెకనుకి నూట యాభై సార్లు కంపిస్తోందనుకుంటే, మూలలు చివరల దాకా పోయి తిరగబడి మళ్లీ మొదటి ఆకారానికి రావడం సెకనుకి నూట యాభై సార్లు జరుగుతుందన్నమాట. పన్నెండో మెట్టు మీద నొక్కితే దారి సగమవుతుంది, రాకపోకలు రెట్టింపు, పై స్థాయి షడ్జం పలుకుతుంది. ఎనిమిది మార్కుల జవాబులోని మొదటి నియమం ఇదే, సూత్రం రాయకుండానే వచ్చేసింది.

అయితే వీణ పూర్తిగా మన మాట వినదు. తీగని ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు అస్పందనగా గల అనుస్వరాలు వినపడకూడదని థామస్ యంగ్ నియమం. నడిమధ్య మీటితే రెండో అనుస్వరం ఉండకూడదు. విశాఖపట్నంలో చదువుకున్న కుర్రాడొకడు పెద్దయి కలకత్తాలో వీణనీ తంబురానీ ఈ నియమంతో పరీక్షించాడు. ఉండకూడని అనుస్వరాలు ఖంగుమని వినిపించాయి. ఆయన సి.వి. రామన్. ఆ చిన్న వ్యాసం 1921 నాటిది, నోబెల్ బహుమానానికి తొమ్మిదేళ్ల ముందుది. కారణం గుర్రంలో ఉంది. వయొలిన్ గుర్రానికి పదునైన అంచు, తీగ అక్కడ ఒక్క బిందువు దగ్గర ఆగుతుంది. మన గుర్రం పైభాగం వెడల్పు, కొద్దిగా వంపు. తీగ కంపించేకొద్దీ దాని మీద ఆనుతూ లేస్తూ ఉంటుంది. అంటే తీగ ఎక్కడ ముగుస్తుందో ఆ చోటే క్షణక్షణం మారుతోంది. సమీకరణం తప్పలేదు. తీగ నడుమ అది చెప్పినట్టే జరుగుతోంది. మారింది కొస దగ్గరి షరతు. నడుమ ఏం జరుగుతుందో సమీకరణం చెబుతుంది, కొసల దగ్గర ఏం జరుగుతుందో మనం విడిగా చెప్పాలి, మొదట తీగ ఎలా ఉందో అదీ విడిగా చెప్పాలి. ఈ మూడూ కలిస్తేనే లెక్క. చెట్టుకి కట్టిన కొస మూపురాన్ని తిరగేసి పంపింది. అదే కొసకి ఉంగరం తొడిగి, నున్నటి నిలువు కడ్డీ మీద జారనిస్తే తిరగేయకుండా పంపుతుంది. సమీకరణం మాత్రం రెంటికీ ఒకటే.

తీగలు చాలు, కాలవ దగ్గరికి వద్దాం. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచీ కోనసీమ బతుకు కాలవల మీదే. పి.గన్నవరం అక్విడక్టు దాటి రాజోలు వైపు పోయే నీళ్లని ఊహించుకోండి. ఎగువన లాకుల దగ్గర తలుపు కాస్త ఎత్తితే నీటిమట్టంలో ఒక చిన్న మెట్టు పుట్టి కిందికి బయల్దేరుతుంది. తన్యత స్థానంలో గురుత్వం వచ్చింది, సమీకరణం అదే. వేగం: గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం. లోతు మీటరున్నర పైచిలుకుంటే వేగం సెకనుకి నాలుగు మీటర్లు, గంటకి పద్నాలుగు కిలోమీటర్ల పైమాటే. కాలవలో వేసిన గుర్రపుడెక్క మొక్క అంత వేగంతో పోదు, మెల్లగా తేలుతూ వస్తుంది. మట్టం పెరిగిందన్న కబురు ముందు చేరుతుంది, తలుపు దాటిన నీరు ఆనక వస్తుంది. మూపురం చెట్టుని చేరింది గాని మీ చేతిలోని తాడు చెట్టు దగ్గరికి పోలేదు కదా, అదే సంగతి. పారే నీటి వేగాన్ని, గట్ల రాపిడిని కూడా లెక్కలోకి తెస్తే సమీకరణానికి తోకలు పెరుగుతాయి. అది ఇంజనీర్ల పని.

ఇదే సూత్రంలో లోతు మూడు వేల మీటర్లు వేయండి. సెకనుకి నూట డెబ్భై మీటర్లు, గంటకి ఆరు వందల కిలోమీటర్ల పైన. 2004 డిసెంబరు 26 పొద్దున సుమత్రా దగ్గర పుట్టిన సునామీ బంగాళాఖాతాన్ని రెండున్నర గంటల్లో దాటి మన తీరాన్ని తాకింది ఈ లెక్క ప్రకారమే. మన పొలాల్లో చమురు కోసం చేసే సర్వేలకీ తరంగ సమీకరణమే ఆధారం. భూమిలోకి పంపిన కుదుపు ఒక రాతిపొర నుంచి మరో పొరకి మారే చోట కొంత వెనక్కి వస్తుంది, సన్న తాడుని లావు తాడుకి ముడివేస్తే ముడి దగ్గర కొంత మూపురం వెనక్కి వచ్చినట్టు. కుదుపు వేగం సెకనుకి మూడు వేల మీటర్లయి, రెండు సెకన్లకి తిరిగొస్తే పొర మూడు వేల మీటర్ల లోతున ఉన్నట్టు.

అంతర్వేది ఒడ్డున విరిగిపడే కెరటం మాత్రం ఈ సమీకరణానికి లొంగదు. అక్కడ లోతు, అల ఎత్తు దాదాపు ఒక్కటే. శిఖరం కింద నీళ్లు ఎక్కువ, పల్లం కింద తక్కువ. శిఖరం పల్లాన్ని తరుముకొచ్చి బోర్లా పడుతుంది. వంపు చిన్నది, అల చిన్నది అన్న ఒప్పందం మీదే మన సమీకరణం నిలబడిందని, ఆ ఒప్పందం బోర్డు మీద ఒక మూల రాసి ఉంచాలని మాష్టారు పట్టుబట్టేవారు.

రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ వచ్చిన లెక్చరర్లకి ఒక మనవి. మాష్టారి రోజుల్లో లేని సాధనం ఇప్పుడు చాలామంది పిల్లల జేబులో ఉంది. వచ్చే ఏడు ఈ చాప్టరు మొదలుపెట్టేటప్పుడు తాడు మీది మూపురాన్ని ఫోనులో స్లోమోషన్‌లో తీయించండి. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోనయితే, నేను చెప్పిన తాడు మీద మూపురం ఫ్రేముకి ఎనిమిది సెంటీమీటర్లు జరగాలి. తాడు వెనక గోడ మీద సుద్దతో గీతలు గీసి పిల్లల చేతే లెక్కపెట్టించండి. ఆ తర్వాత బిగువు నాలుగింతలు చేసి వేగం రెట్టింపయిందో లేదో వాళ్లనే చూడనివ్వండి. లెక్క కుదరకపోతే ముందు తాడు తడిసిందేమో చూసి, మళ్లీ తూకం వేయించండి.