సంస్థకు నాడీమండలము

నిప్పు తగిలిన చేయి మెదడు ఆజ్ఞకై వేచియుండదు. వెన్నుపామే దానిని వెనుకకు లాగును. మెదడునకు ఆ సంగతి పిదప తెలియును. పెద్ద సంస్థలను నడుపువారు దీనిని తరచుగా మఱచుచున్నారని మా అభిప్రాయము. ప్రతి లెక్కయు పై కార్యాలయమునకు పోవలెను, ప్రతి ఆజ్ఞయు అచ్చటినుండియే రావలెను అనుకొందురు. ఫైళ్ళు పెరుగును, తెలివి పెరుగదు.

ఈ విషయమున చిలీ దేశమందు జరిగిన యొక ప్రయత్నమును శ్రోతలకు విన్నవింపదలచినాము. 1970లో అధ్యక్షుడైన సాల్వడోర్ అయెండె ప్రభుత్వము అనేక కర్మాగారములను జాతీయము చేసెను. వాటినన్నిటిని సమన్వయించుట యెట్లు? 1971లో ఫెర్నాండో ఫ్లోరెస్ అను యువ ఇంజనీరు, ఇంగ్లండునుండి స్టాఫర్డ్ బీర్ అను సైబర్నెటిక్స్ పండితుని పిలిపించెను. బీర్ నమూనా మానవ నాడీమండలమే. అయెండె స్వయముగా వైద్యుడు. ఆయనకు అది బోధపడుట కష్టము కాలేదు.

సాధనములు స్వల్పము. పథకమునకు లభించిన కంప్యూటరు ఒక్కటి. గిడ్డంగిలో పడియున్న టెలెక్సు యంత్రములు సుమారు 500. ఉత్పత్తి, ముడిసరకు, కార్మికుల గైరుహాజరు మొదలగు కొలది అంకెలను మాత్రమే వీటి ద్వారా రాజధాని సాంటియాగోకు తెప్పింప నిశ్చయించిరి.

కొలది అంకెలనుటలోనే యున్నది విశేషము. అంతయు మామూలుగా సాగుచున్నంతవరకు ఎవరికిని ఏమియు చెప్పనక్కరలేదు. ఏదేని అంకె కట్టు తప్పినచో, ఆ హెచ్చరిక మొదట ఆ కర్మాగారమునకే పోవలెను, మంత్రికి గాదు. నిర్ణీతమైన గడువులో వారు చక్కదిద్దుకొనలేనిచో మాత్రమే అది పై మెట్టునకు ఎక్కును. పనిచేయువాని స్వాతంత్ర్యమంతయు ఈ గడువులో నున్నది. గడువును సున్న చేయుడు, అదే యంత్రము నిఘా యంత్రమగును! విమర్శకులు ఆనాడే ఈ భయమును వెలిబుచ్చిరి. అది నిరాధారమని మేమనజాలము.

1972 అక్టోబరులో లారీ యజమానులు సమ్మె కట్టిరి. ఏ దారి తెరచియున్నది, ఎచ్చట ఏ సరకు కొరవడినది అను వార్తలు టెలెక్సు తీగలపై రేయింబవళ్ళు నడిచెను. మిగిలిన కొలది లారీలతోనే ప్రభుత్వము రవాణా సాగింపగలిగెను. చిత్రమేమనగా, ఆ సంకటమున అక్కరకు వచ్చినది కంప్యూటరు లెక్కలు గావు; మనిషి మనిషికి పంపిన వార్తలు. ఏడు కుర్చీల ఆలోచన మందిరమొకటి ఎంతో సొగసుగా నిర్మించిరి గాని, అది నిత్యకార్యమునకు ఉపయోగపడనే లేదు. అంకెలు సయితము పలుమార్లు దినముల తరబడి ఆలస్యమై చేరెడివి. మొన్నటి జ్వరమును నేడు చూపు థర్మామీటరుతో వైద్యుడేమి చేయును?

లోపములను దిద్దుకొను వ్యవధి వారికి లభింపలేదు. 1973 సెప్టెంబరు 11న సైన్యము ప్రభుత్వమును కూలద్రోసెను. అయెండె ఆ దినముననే మరణించెను. పథకము నిలిచిపోయినది. బీర్‌ను పిలిపించిన ఫ్లోరెస్ మూడేండ్లు చెరలో నుండెను.