నెలవాయిదా వెనుక లెక్క



ఎలక్ట్రిక్ కారు మాట వస్తే టెక్సాస్‌లో మనవాళ్లు మొదట అడిగేది “నెలకెంత పడుతోంది?” అనే. డీలరుకీ ఆ ప్రశ్నంటేనే ఇష్టం. జవాబును తనకు కావలసినట్టు సాగదీయొచ్చు.

లీజుకి తీసుకోవాలా, కొనాలా? ఊహకి ఒక లెక్క వేద్దాం. బండి ధర 45,000 డాలర్లు, డౌన్ పేమెంట్ లేదు. మూడేళ్ల లీజు ముగిసేసరికి అది 24,750 చేస్తుందని లీజు కంపెనీ అంచనా. తరిగే 20,250ని 36 నెలలకు పంచితే 562. ఇక వడ్డీ. లీజులో దాన్ని ‘మనీ ఫ్యాక్టర్’ అంటారు. 0.0025 అని చూపిస్తే ఏమీ లేనట్టుంటుంది. 2400తో గుణించండి, 6 శాతం! బండి ధర, ఆ 24,750 కలిపి మనీ ఫ్యాక్టర్‌తో గుణిస్తే నెలకి 174. మొత్తం 737. అదే వడ్డీకి ఐదేళ్ల అప్పు మీద కొంటే 870.

లీజులో నెలకి 133 మిగిలిందంటాం. మూడేళ్లకి సుమారు 4,800. కానీ అప్పటికి కొన్నవాడి బాకీ 19,630కి దిగుతుంది. బండి నిజంగా 24,750 చేస్తే 5,120 అతని సొంతం. అంటే మిగిలిందేమీ లేదు.

అసలు తేడా ఆ అంచనా తప్పినప్పుడు బయటపడుతుంది. 2023 జనవరిలో టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్ ధర 65,990 నుంచి 52,990కి పడింది. కొత్తది అంత దిగితే పాతదాన్ని ఎవరు కొంటారు? మన బండి 18,000కి పడితే కొన్నవాడి బాకీ కారు ధరను మించుతుంది. లీజువాడు తాళాలిచ్చి వెళ్లిపోతాడు.

2025 సెప్టెంబరు 30 దాకా లీజుకి ఇంకో బలం ఉండేది. లీజు బండి కంపెనీ ఖాతాలో వాణిజ్య వాహనం కాబట్టి, దంపతుల ఆదాయం 3,00,000 దాటినా, బండి విదేశంలో తయారైనా, 7,500 డాలర్ల ప్రభుత్వ రాయితీ కంపెనీకి దక్కేది. చాలాచోట్ల వాయిదాలో తగ్గించేవారు. అది పోయింది. పైగా మన టెక్సాస్‌లో మూడేళ్లే వాడినా 6.25 శాతం పన్ను మొత్తం ధర మీదే. ఆఖర్న ఆ బండినే కొనుక్కుంటే మళ్లీ పన్ను.

ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవారు కొనండి. బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల వారంటీ ఉంటుంది. నన్నడిగితే ఇంకొకరు లీజు ముగించి ఇచ్చిన మూడేళ్ల బండి అన్నిటికన్నా చవక. వీసా ఎటూ తేలనివాళ్లు మాత్రం జాగ్రత్త: లీజు మధ్యలో వదిలితే జరిమానా బరువు.

లీజుకి పెద్ద డౌన్ పేమెంట్ కట్టకండి. మొదటి నెలలోనే బండి నుజ్జయితే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. సంతకానికి ముందు బండి ధర, మూడేళ్ల తర్వాతి విలువ, మనీ ఫ్యాక్టర్ కాగితం మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.