ఎవరింటి క్లాసు? – సర్వర్లలో దోషం వెతికే పద్ధతి
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

"బడి జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు నీ పని గురించి మాట్లాడు" అన్నారు కమిటీ వాళ్ళు. నేను ఏం పని చేస్తానో మా ఇంట్లోనే ఎవరికీ సరిగ్గా తెలియదు. "మావాడు కంప్యూటర్లు బాగుచేస్తాడు" అని మా అమ్మ అందరికీ చెబుతుంది. అందులో పెద్ద తప్పేమీ లేదు. కాకపోతే నేను స్క్రూడ్రైవర్ పట్టుకోను. ఎక్కడో సర్వర్లో నడుస్తున్న ప్రోగ్రాం ఎందుకు ఆగిపోయిందో కనిపెట్టడం నా పని. అందులో ఒక్క రకం జబ్బు గురించే ఇవాళ చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముళ్ళకు పనికొస్తుంది. మిగతావాళ్ళకు మీ పిల్లలు రాత్రి పన్నెండింటికి ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని ఎందుకు కూర్చుంటారో తెలుస్తుంది.

మీరు ఫోనులో కరెంటు బిల్లు కడతారు, రైలు టికెట్ కొంటారు. మీరు నొక్కిన బటన్ కబురు ఒక సర్వర్‌కు వెళుతుంది. అలాంటి సర్వర్లు చాలా చోట్ల జావా భాషలో నడుస్తాయి. జావా 1995లో లోకానికి వచ్చింది. మన వెబ్ ప్రోగ్రాములకు ఇల్లు అద్దెకిచ్చే యజమాని లాంటిది టామ్‌క్యాట్. ఆ ఇంట్లో వంటా వార్పూ సులువు చేసే సామగ్రి స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్. ప్రోగ్రాంలోని ఒక్కో ముక్కను క్లాసు అంటారు. మన ఆరో క్లాసు, ఏడో క్లాసు కాదు, ఇది వేరే క్లాసు. కొన్ని క్లాసులను మూట కట్టితే అది జార్ ఫైలు. ఒక మామూలు అప్లికేషన్‌లో ఇలాంటి మూటలు పదుల కొద్దీ, ఒక్కోసారి వందకు పైగా ఉంటాయి. వాటిలో మనం స్వయంగా రాసినవి రెండో మూడో.

జావా ఈ క్లాసులన్నీ ముందే తెచ్చి పెట్టుకోదు. అవసరం వచ్చినప్పుడు తెచ్చుకుంటుంది. తెచ్చిపెట్టేవాడి పేరు క్లాస్ లోడర్. మన సోషల్ మాస్టారు పాఠం మధ్యలో "ఒరేయ్, స్టాఫ్ రూములో ఇండియా మ్యాపు ఉంటుంది, పట్టుకురా" అనేవారు గుర్తుందా? ఆ పరుగెత్తే కుర్రాడే క్లాస్ లోడర్. మ్యాపు తేవడంలో ఎన్ని చిక్కులు రావచ్చో, క్లాసు తేవడంలోనూ అన్నీ వస్తాయి.

మొదటి చిక్కు. కుర్రాడు గదులన్నీ వెతికాడు, మ్యాపు లేదు. దీన్ని జావా 'క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్' అంటుంది. పేరు చెప్పి అడిగారు, ఆ పేరుతో ఏదీ దొరకలేదు. మూట పెట్టడం మరిచిపోయి ఉంటారు, లేదా పేరులో అక్షరం తప్పి ఉంటుంది.

రెండోది 'నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్'. పాఠం తయారు చేసుకున్న రోజున మ్యాపు ఉంది, చెప్పే రోజున లేదు. అంటే కంపైల్ చేసినప్పుడు ఉన్న క్లాసు నడిపేటప్పుడు దొరకలేదు. ఇందులో ఇంకో రకం ఉంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మ్యాపు దొరికింది, కానీ మొదటిసారి విప్పబోతే చిరిగింది. ఆ తర్వాత ఎవరు అడిగినా జావా మళ్ళీ విప్పి చూడదు, "ఈ క్లాసును సిద్ధం చేయలేకపోయాను" అని మాత్రం అంటుంది. అసలు కారణం మొదటిసారి చిరిగినప్పుడు పడిన సందేశంలో ఉంటుంది. కాబట్టి లాగ్ ఫైలు చివరి పేజీ చూసి ఊరుకోకుండా పైకి, ఇంకా పైకి వెళ్ళాలి.

మూడోది 'నో సచ్ మెథడ్ ఎర్రర్'. మ్యాపు వచ్చింది, గోడకు తగిలించారు. "తెలంగాణ రాష్ట్రం చూపించు" అన్నారు మాస్టారు. పిల్లవాడు వెతికీ వెతికీ బిక్కమొహం వేశాడు. వచ్చింది 2014 జూన్‌కు ముందు అచ్చయిన మ్యాపు. పేరు అదే, వెర్షన్ పాతది. ఒకే మూట పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ ఒకే ఫోల్డర్లో ఉంటే ఇలా జరుగుతుంది. ఆ ఫోల్డర్లోని జార్ ఫైళ్ళలో ఏది ముందు చూడాలో సర్వ్‌లెట్ ప్రమాణం ఎక్కడా ఖాయం చేయలేదు. అందుకే ఒక మెషీన్‌లో పనిచేసింది మరో మెషీన్‌లో చేయదు. "నా దగ్గర బాగానే ఉంది సార్" అన్న కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు.

నాలుగోది అన్నిటికంటే విచిత్రం, 'క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్'. దీనికి మ్యాపు చాలదు, మన ఇంటిపేర్ల దగ్గరకు రావాలి. మన ఊళ్ళో "శ్రీనివాసరావు కావాలి" అంటే "ఏ శ్రీనివాసరావు? ఎవరింటి శ్రీనివాసరావు?" అంటారు. ఇంటిపేరు కూడా ఒకటే అయితే "తూర్పు వీధివాళ్ళా, చెరువుగట్టు వాళ్ళా?" అని అడుగుతారు. జావా కూడా అచ్చం అంతే. క్లాసు పేరుకు ముందు ప్యాకేజీ పేరనే ఇంటిపేరు ఉంటుంది. అది కూడా సరిపోదు. ఏ లోడర్ తెచ్చాడన్నది కూడా కలిస్తేనే గుర్తింపు పూర్తవుతుంది. ఒకే ఫైలును ఇద్దరు లోడర్లు విడివిడిగా తెస్తే జావా దృష్టిలో అవి రెండు వేర్వేరు క్లాసులు.

మరి లోడర్లు ఎంతమంది? ఒక వంశవృక్షమే ఉంటుంది. అందరికంటే పైన జావా సొంత క్లాసులు తెచ్చే తాతగారు. కింద టామ్‌క్యాట్ తరఫున ఉమ్మడి ఆస్తి చూసే పెద్దాయన. ఆయన కింద ఒక్కో వెబ్ అప్లికేషన్‌కు ఒక్కో పిల్లవాడు. జావాలో మామూలు ఆచారం ఏమిటంటే, ఎవరైనా ఏదైనా అడిగితే పిల్లవాడు ముందు పెద్దవాళ్ళను అడగాలి, వాళ్ళ దగ్గర లేకపోతేనే తన పెట్టె తెరవాలి. వెబ్ సర్వర్లలో మాత్రం ఈ ఆచారం కొంత తిరగబడింది. జావా సొంత క్లాసుల విషయంలో తాతగారి మాటే చెల్లుతుంది. సర్వ్‌లెట్ క్లాసులు టామ్‌క్యాట్ ఇచ్చినవే వాడాలి. మిగతా వాటికి పిల్లవాడు ముందు తన 'వెబ్-ఇన్ఫ్' ఫోల్డర్ చూసుకుంటాడు, ఆ తర్వాతే ఉమ్మడి ఇంటికి వెళతాడు. ఒకే సర్వర్‌లో రెండు అప్లికేషన్లు ఒకే లైబ్రరీవి వేర్వేరు వెర్షన్లు వాడుకోవాలంటే ఈ ఏర్పాటు తప్పదు. సౌకర్యం ఉన్నచోటే తగాదా కూడా ఉంటుంది.

ఆ తగాదా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. పదేళ్ళ కిందటి మాట. ఒక ఆఫీసు, పేరు అనవసరం. విద్యార్థుల ఉపకార వేతనాల దరఖాస్తులు తీసుకునే సైటు. మర్నాడు సాయంత్రం ఆఖరు గడువు. ఆ మధ్యాహ్నం కొత్త వెర్షన్ పెట్టారు, దరఖాస్తు పంపే బటన్ నొక్కితే చాలు, ఎర్రర్. లాగ్‌లో ఫలానా క్లాసును ఫలానా క్లాసుగా మార్చలేను అని ఉంది. రెండుచోట్లా ఉన్నది ఒకటే పేరు. రామారావును రామారావుగా గుర్తించలేను అన్నట్టు. ఆగిన లైను ఆరు నెలల కిందట చేరిన ఒక అమ్మాయి రాసింది. నేను వెళ్ళేసరికి గదిలో పదిమంది ఉన్నారు, తప్పు ఆ అమ్మాయిదేనని తీర్మానం అయిపోయింది. మెమో ఇవ్వాలా, ప్రాజెక్టు నుంచి తీసేయాలా అన్నదే మిగిలింది.

నేను ఆ అమ్మాయినే పిలిచి, "అమ్మా, చేతికొచ్చిన వస్తువు క్లాసు ఏ ఫైలు నుంచి వచ్చిందో, నువ్వు మార్చబోతున్న క్లాసు ఏ ఫైలు నుంచి వచ్చిందో, రెండు లైన్లు ప్రింట్ చేయించు" అన్నాను. జావాలో ప్రతి క్లాసునూ "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు?" అని అడగవచ్చు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఒకటి టామ్‌క్యాట్ ఉమ్మడి ఫోల్డర్ నుంచి, రెండోది అప్లికేషన్ సొంత ఫోల్డర్ నుంచి. రెండూ డేటాబేస్ డ్రైవర్ మూటలే.

జరిగింది ఇదీ. ఆ అమ్మాయి మెషీన్‌లో డేటాబేస్ కనెక్షన్లు అప్లికేషనే తెరుచుకుంటుంది, అక్కడ డ్రైవర్ ఒక్కటే. సర్వర్‌లో కనెక్షన్లు టామ్‌క్యాట్ తెరిచి ఇస్తుంది, అందుకు అడ్మిన్లు ఒక డ్రైవర్‌ను ఉమ్మడి ఫోల్డర్లో పెట్టారు. అదీ సరైన పనే. రెండు కాపీలు నెలల తరబడి పక్కపక్కనే ఉన్నాయి. అప్పటిదాకా అందరి కోడూ జావా ఇచ్చే సాధారణ డేటాబేస్ ఇంటర్‌ఫేసులనే వాడింది. అవి తాతగారింటివి, అందరికీ ఒకటే. ఆ డ్రైవర్‌కే ప్రత్యేకమైన క్లాసును పేరు పెట్టి పిలిచిన మొదటి లైను ఈ అమ్మాయిది. అందుకని గొడవ ఆ లైను దగ్గర బయటపడింది. పుట్టింది అక్కడ కాదు.

అప్లికేషన్ నుంచి డ్రైవర్ మూట తీసేశాం. తయారీ ఫైలులో దాని పక్కన 'ప్రొవైడెడ్' అని రాయించాం. అంటే కంపైల్ చేయడానికి వాడుకో, మూటలో మాత్రం కట్టకు, సర్వర్ ఇస్తుంది అని అర్థం. టామ్‌క్యాట్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. రాత్రి తొమ్మిదికల్లా దరఖాస్తులు వెళ్ళడం మొదలైంది. ఆ ఫీజు డబ్బుల మీదే చదువు ఆధారపడ్డ పిల్లలు ఎంతమంది ఉంటారో ఈ బడిలో చదివిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మెమో సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇటీవలి సంవత్సరాల్లో మావాళ్ళను ఎక్కువగా ఏడిపించింది ఇంటిపేరు మార్పు. పెద్ద సంస్థల జావా ప్రమాణాల సంపుటి, జావా ఈఈ అంటారు, ఒరాకిల్ సంస్థ చేతిలో ఉండేది. దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తామని 2017లో ప్రకటించారు. ఒక విధంగా దత్తత. మన ఇళ్ళల్లో దత్తత వెళితే ఇంటిపేరు మారుతుంది కదా, ఇక్కడా అంతే అయింది. 'జావా' అన్న పేరు మీద హక్కు ఒరాకిల్‌దే. పాత 'జావాఎక్స్' ఇంటిపేరుతో ఆ ప్రమాణాలను మార్చుకుంటూ పోవడానికి ఒప్పందం కుదరలేదు. 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9తో ఆ ఇంటిపేరు 'జకార్తా' అయింది. టామ్‌క్యాట్ 9 వరకు పాత ఇంటిపేరు, 10 నుంచి కొత్తది. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ 6 కూడా కొత్తదే అడుగుతుంది, పైగా జావా 17 ఉండాలంటుంది.

పాత అప్లికేషన్‌ను తెచ్చి టామ్‌క్యాట్ 10లో పెట్టగానే "జావాఎక్స్ సర్వ్‌లెట్ దొరకలేదు" అని వస్తుంది. ఆ ఇంటివాళ్ళు అక్కడ లేరు మరి. కొందరు తొందరలో పాత పేరున్న చోటల్లా కొత్త పేరు పెట్టేస్తారు. అది ఇంకో చిక్కు. జావాఎక్స్ ఇంటివాళ్ళందరూ దత్తత వెళ్ళలేదు. డేటాబేస్ కనెక్షన్లకు సంబంధించిన 'జావాఎక్స్ ఎస్‌క్యూఎల్', పేర్లు వెతికే 'జావాఎక్స్ నేమింగ్' లాంటివి జావా అసలు ఇంట్లోనే, పాత ఇంటిపేరుతోనే ఉన్నాయి. ఎవరు వెళ్ళారో ఎవరు ఉన్నారో ఒక్కొక్కరినీ చూసుకుని మార్చాలి. మనం వాడే బయటి లైబ్రరీలు కూడా కొత్త ఇంటిపేరు తెలిసిన వెర్షన్లేనా అని చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ తమ్ముళ్ళకు నా పద్ధతి చెప్పి ముగిస్తాను. మన సైన్సు ల్యాబు రికార్డు గుర్తు తెచ్చుకోండి. ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం. పరిశీలన కాలమ్‌లో ఊహ రాస్తే మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసేవారు. నేను ఇప్పటికీ ఆ రికార్డే రాస్తున్నాను.

ఒకటి, ఎర్రర్ సందేశం మొత్తం చదవండి. నాలుగు ఎర్రర్లకు నాలుగు అర్థాలు. ఇటీవలి జావా వెర్షన్లు క్లాస్ కాస్ట్ సందేశంలోనే ఏ లోడర్ తెచ్చాడో కూడా చెబుతాయి, ఆ బ్రాకెట్లోది ఎవరూ చదవరు. రెండు, లాగ్‌లో మొట్టమొదటి ఎర్రర్ వెతకండి. మూడు, క్లాసు నిజంగా ఏ ఫైలు నుంచి వచ్చిందో ప్రోగ్రామునే అడగండి. కోడు ముట్టుకోవడం కుదరకపోతే, జావా 8 వరకు 'వెర్బోస్ క్లాస్', 9 నుంచి 'ఎక్స్‌లాగ్' ఆప్షన్‌తో లోడయిన క్లాసుల జాబితా వస్తుంది. నాలుగు, ఆ మూటను అసలు ఎవరు పిలిచారో మావెన్‌లోని డిపెండెన్సీ ట్రీలో చూడండి. చాలాసార్లు మనం పిలవం, మనం పిలిచిన చుట్టం వెంట వస్తుంది. ఐదు, ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే బాగయినా దేనివల్ల బాగయిందో తెలియదు, వచ్చే నెల మళ్ళీ అదే రాత్రి.

ఈ ఐదూ అయ్యేదాకా ఎవరి పేరూ ఎత్తకండి. ఆగిన లైను ఎవరు రాశారన్నది కంప్యూటర్ క్షణంలో చెబుతుంది, అందుకే గదిలో అందరి చూపూ వాళ్ళ మీద పడుతుంది. అక్కడ పెద్దవాడిగా ఉన్నవాడు "ముందు పరిశీలన, తర్వాత ఫలితం" అని గట్టిగా అనాలి. ఇవాళ ఇక్కడున్న మనలో చాలామంది ఆ పెద్దవాళ్ళ వయసుకు వచ్చేశాం.

పదో తరగతి పిల్లలూ, మీలో ఎవరికైనా ఈ పని మీద ఆసక్తి ఉంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. ల్యాప్‌టాప్ తెచ్చాను, టామ్‌క్యాట్ అందులో ఉంది. రెండు మూటలు పెట్టి ఆ ఎర్రర్ మీ చేతే తెప్పిస్తాను, మీ చేతే బాగుచేయిస్తాను.