ముఖం కనబడితే చాలు: ఇంట్లో ఆడిషన్ వీడియోకు తక్కువ ఖర్చులో వెలుగు
(ఖరిదాలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"సార్, మా అమ్మాయిని ఆడిషన్ వీడియో పంపమన్నారు, ఏ లైటు కొనమంటారు?" అని నన్ను అడిగినవాళ్లు ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను సినిమావాణ్ణి కాను, రుణాల ఫైళ్లు చూసేవాణ్ణి. మా మేనకోడలికి ఆడిషన్ వీడియోలు తీసిపెట్టేది మాత్రం నేనే. అందుకని వెలుగు గురించి, డబ్బు గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఖరిదా తెలుగువారిలో చాలామంది పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చినవారు. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ. మూడు భాషల్లో డైలాగు చెప్పగలగడం నటనకు పెద్ద పెట్టుబడి. కానీ తెలుగు సినిమా హైదరాబాదులో ఉంది. ఫలక్‌నుమా ఎక్కితే సికింద్రాబాద్ చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతాయి. రెండు నిమిషాల ఆడిషన్ కోసం రానూపోనూ టికెట్లు, లాడ్జి, తోడు వెళ్లే తల్లికో తండ్రికో సెలవు. ఇంటి నుంచి వీడియో పంపే పద్ధతి వచ్చాక ఆ ఖర్చు తప్పింది. అయితే ఆ వీడియోలో పిల్ల కళ్లు చీకట్లో ఉండిపోతే, ఎంత బాగా నటించినా చూసేవారికి చేరదు. మన చేతిలో ఉన్నది ఆ వెలుగే.

మొదటి లైటుకు ఖర్చు లేదు. అది కిటికీ. పిల్లను కిటికీ వైపు ముఖం పెట్టి నిలబెట్టండి, వీపు పెట్టి కాదు. ముఖం కాస్త పక్కకు తిరిగి ఉంటే ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప మీద పల్చని నీడ పడతాయి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పల్చని తెల్ల పంచె కట్టండి. నీడ మరీ నల్లగా ఉంటే, ఆ వైపు ఒక థర్మాకోల్ షీటు నిలబెట్టండి. అది వెలుగును తిరిగి ముఖం మీదికి పంపుతుంది. కాల్‌బైశాఖి రోజుల్లో మధ్యాహ్నం తరువాత మబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి పొద్దున్నే తీసేయడం మంచిది.

థర్మాకోల్ అంటే నవ్వకండి. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో' కోసం కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్‌గా వేశారు. పైన ఆకాశం నుంచి దిగినట్టు మెత్తని వెలుగు కావాలి. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన తెల్ల గుడ్డ కట్టించి, దీపాలను నటుల మీదికి కాకుండా ఆ గుడ్డ మీదికి తిప్పారు. అక్కడి నుంచి తిరిగివచ్చిన వెలుగులోనే చిత్రీకరించారు. మన బెంగాల్‌లో పుట్టిన ఈ ఉపాయం ఇవాళ లోకమంతా వాడుతున్నారు. వెలుగు ఎంత పెద్ద తలం నుంచి వస్తే నీడ అంత మెత్తగా ఉంటుంది. సూత్రం అంతే.

రాత్రి పూట తీయాల్సి వస్తే బల్బు కావాలి. ఇక్కడ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, దూరం. చిన్న దీపాన్ని మూడు అడుగుల నుంచి ఆరు అడుగులకు జరిపితే ముఖం మీద వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. కాబట్టి పెద్ద లైటు కొనేముందు ఉన్న లైటును దగ్గరకు జరపండి.

రెండు, రంగు. డబ్బా మీద 6500కె అని ఉంటే తెల్లని, కొంచెం నీలం కలిసిన వెలుగు. 3000కె అంటే పసుపు వెలుగు. గదిలో ట్యూబులైటు, పక్కన పసుపు బల్బు రెండూ వెలిగితే ముఖం ఒకవైపు నీలంగా, ఒకవైపు పచ్చగా వస్తుంది. ఒకే రకం ఉంచి మిగిలినవి ఆపేయండి. డబ్బా మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి. 90 పైన ఉంటే చర్మం రంగు సహజంగా వస్తుంది.

మూడు, మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ వీడియోలో చారలు కదులుతాయి. ఫోను సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ గానీ 25 ఫ్రేములు గానీ ఉంటే అది ఎంచుకోండి. అప్పటికీ చారలు పోకపోతే బల్బు మార్చండి.

రింగ్ లైటు గురించి అందరూ అడుగుతారు. కొంటే తప్పులేదు. కానీ కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లలకు అద్దంలో గుండ్రని వలయాలు కనబడతాయి. లైటును కంటి ఎత్తుకన్నా పైకి లేపి, కాస్త పక్కకు జరిపితే అవి పోతాయి.

ఇంకొక మాట తల్లులకు, తండ్రులకు. పిల్ల చామనఛాయ అని, తెల్లగా కనబడాలని లైట్లు పెంచకండి, బ్యూటీ ఫిల్టర్ పెట్టకండి. వెనుక సున్నం గోడ ఉంటే ఫోను ఆ తెలుపును చూసి మొత్తం బొమ్మను చీకటి చేస్తుంది. లోపం పిల్ల రంగులో లేదు, గోడలో ఉంది. గోడకు నాలుగడుగులు ముందుకు నిలబెట్టి, వెనుక బూడిదరంగు, నీలం వంటి సాదా దుప్పటి కట్టండి. ఫోను తెరమీద ముఖం దగ్గర వేలుపెట్టి నొక్కి ఉంచితే వెలుగు అక్కడ స్థిరపడుతుంది. పాత్రకు మనిషిని వెతికేవాళ్లు చూడాలనుకునేది ఉన్న ముఖాన్నే.

ఇక ఖర్చు వరస. మొదట కిటికీ, దుప్పటి, థర్మాకోల్. తరువాత ఒకే రంగువి రెండు ఎల్ఈడీ బల్బులు, హోల్డర్లు. ఒకటి ముఖానికి 45 డిగ్రీల పక్కగా, కాస్త పైనుంచి. రెండోది గోడవైపు తిప్పి. గోల్‌బజార్‌లో ఇవన్నీ దొరుకుతాయి. ఫోను కదలకుండా నిలబెట్టడానికి చిన్న ట్రైపాడ్. పది వీడియోలు పంపాక కూడా అవసరం అనిపిస్తే అప్పుడు ఎల్ఈడీ ప్యానెల్ ఆలోచించండి. మొదటి వీడియోకే వాయిదాల మీద కెమెరా, లైట్లు కొనవద్దని బ్యాంకు ఆఫీసరుగా నా సలహా. వస్తువు విలువ తగ్గుతుంది, వాయిదా తగ్గదు.

ఆఖరుగా రెండు జాగ్రత్తలు. ఎంపిక చేశాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అని ఎవరైనా యూపీఐ నంబరు పంపితే అక్కడే ఆగండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు. రెండోది, పిల్లకు నిజంగా అవకాశం వస్తే చట్టం ఆమె వైపు ఉంది. బాల కళాకారులను రోజుకు అయిదు గంటలకు మించి పనిచేయించకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వాళ్ల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేజరయ్యాక ఆ సొమ్ము వాళ్లదే. ఆ డిపాజిట్ తెరవడానికి మన శాఖకే రండి, ఫారం నేనే నింపిపెడతాను.

సెలవు.