గాలి హోరు తగ్గిన పిమ్మట

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనను గుర్చి మనలో పెక్కుమంది విన్నవారమే. సుమారు 5 మీటర్ల యెత్తున సముద్రజలము నేలపైకి వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే 10,000 మంది వరకు మరణించిరి. పోయినవారికి లెక్క కలదు. కూలిన యిండ్లకును లెక్క కలదు. బ్రదికి బయటపడినవారి మనస్సులకు తగిలిన దెబ్బకు మాత్రము ఏ కవిలెలోను పద్దు లేదు. నాటి పసివారికి నేడు ఏబది యేండ్లు దాటినవి. గాలి హోరుమన్నచో నేటికిని నిద్రపట్టనివారు వారిలో లేకపోరు.

భయము మనస్సుననే కాదు, దేహమునను నిలిచియుండును. ఆపద వచ్చినపుడు గుండె వడిగ కొట్టుకొనుట, కండరములు బిగియుట, కునుకు రాకపోవుట మనలను కాపాడుకొనుటకై యేర్పడినవే. ఆపద గడచినను లోపలి కావలివాడు కేకవేయుట మానడు. తలుపు టపటప కొట్టుకొన్నను, బురదనీటి వాసన సోకినను, ఆ రాత్రియే మరల వచ్చినట్లు తోచును. ఇది పిరికితనము కాదు.

అట్టి వేళ ఏమి చేయవలెను? ముందుగ పాదములు రెండును చల్లని గచ్చుపై ఆనించి కూర్చుండవలెను. మూడు లెక్కించునంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగ విడువవలెను. నిశ్వాసము దీర్ఘమైనకొలది గుండె నెమ్మదించును. పిమ్మట ఎదుట నున్న వస్తువులను పేరు పేరునఁ జెప్పుకొనవలెను: ఇది బిందె, ఇది తులసికోట, అది దండెము మీది చీర. వినుటకు పిల్లల ఆటవలె నుండును గాని, నాటి రాత్రినుండి నేటి యింటిలోనికి మనస్సును మరలించుటకు ఇది చక్కని త్రోవ.

దినచర్య తప్పనీయరాదు. వేళకు పట్టెడన్నము, వేడివేడి చారు, సాయంకాలము కాలువగట్టు మీద కొంత నడక, రాత్రి తలాపున చిన్న దీపము. బియ్యమేరుట, వల అల్లుట వంటి చేతిపను లెంతో మేలుచేయును. నిద్రకై కల్లుసారాయముల నాశ్రయించువారు కలరు. ఆ నిద్ర నడిరేయినే విఱిగి, భయము రెండింతలగును.

ఇంటివారికి ఒక్క మాట. “ఎన్నేండ్ల నాటి సంగతి, మరచిపో” యనుట సులభము. మరచుట వారి చేతిలో లేదు. అట్లని జరిగినదంతయు చెప్పుమని బలవంతపెట్టుటయు హానికరమే. చెప్పిననాడు వినవలెను, చెప్పనినాడు ప్రక్కన కూర్చుండి చిక్కుడుకాయల ఈనెలు తీయవచ్చును.

రేడియోనుండి మేమే ఈ మాట చెప్పుట వింతగ నుండవచ్చును: తుపాను హెచ్చరికను శ్రద్ధగ వినుడు, వలసిన ఏర్పాట్లు చేసికొనుడు, కొంతసేపు రేడియో కట్టివేయుడు. తరువాతి వార్తల వేళకు మరల పెట్టవచ్చును. అదే వార్తను గడియగడియకు వినిన మనస్సునకు విరామ ముండదు.

ఆ తేదీ తిరిగి వచ్చునపుడు బాధ పెరుగుట సహజము. ఆ దినమున ఒంటరిగ నుండక, పోయినవారి పేర దీపమో, ఒకరికి భోజనమో పెట్టు ఏర్పాటు ముందే చేసికొనుట మంచిది.

ఇవియన్నియు ఊతకర్రలు మాత్రమే. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినను తగ్గకున్నను, పనిపాటలు సాగకున్నను, బ్రదుకుపై విరక్తి కలిగినను వైద్యుని చూడవలెను. మాటలతో చేయు చికిత్సయు, మందులును కలవు. ఏండ్లు గడచిన పిమ్మటను అవి పనిచేయును. 2022లో ఆరంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగ ఫోను చేయవచ్చును. అచట తెలుగులోనే మాటలాడవచ్చును.