వాడిన స్పోర్ట్సు కారు: ఇంజను సంగతి

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఒకనాటి రాత్రి ఫోను చేసినాడు. "మామయ్యా, ఒక పోర్షె బాక్‌స్టరు చూశాను. 2003 నాటిది. 40 వేల మైళ్లే తిరిగిందట. అద్దంలా ఉంది. తీసుకోమంటారా?" అని అడిగినాడు. నేను స్పోర్ట్సు కారు కొన్నవాడను కాను. చదువుటకు ఖర్చు లేదు కనుక వాటిని గూర్చి చదువుచుందును. ఇంటిలో అందరికిని ఆ సంగతి తెలియును.

అతనితో చెప్పిన మాటలే మీకును మనవి చేయుదును. సముద్రమున కావల మన పిల్లలు లేని వీధి నేడు అరుదు. ఇట్టి ఫోను మీకును రావచ్చును.

పోర్షె వారి 911 కారు 1960ల నుండి 1998 వరకు గాలితో చల్లబడు ఇంజనుతో నడచినది. 1996లో బాక్‌స్టరును, 1997లో కొత్త 911ను విడుదల చేసినప్పుడు వారు నీటితో చల్లబడు ఇంజనును అమర్చిరి. ఇరువైపుల మూడేసి సిలిండర్లు పడుకొని యుండును. చక్కని ఇంజను. దాని నాదము వినినవారు మరువలేరు. కాని దాని కడుపులో ఒక చిన్న వస్తువున్నది. మా వాడు చూచిన అద్దమువంటి రంగు దానిని గూర్చి ఏమియు చెప్పదు.

ఇంజను నడుమ ఒక ఇరుసు కలదు. క్రాంకుషాఫ్టు గొలుసు ద్వారా దానిని త్రిప్పును. అది వేరు గొలుసులతో వాల్వులను నడుపు షాఫ్టులను త్రిప్పును. ఆ ఇరుసు యొక్క ఒక కొన గేరుపెట్టె వైపున గుండ్ల బేరింగుపై ఆనియుండును. బేరింగులో గ్రీజు నింపి, ఇరుప్రక్కల మూతలు బిగించిరి. లోపలి గ్రీజే జీవితాంతము చాలునని వారి ఊహ. కాలక్రమమున మూత అంచులు గట్టిపడి, ఇంజను ఆయిలు సన్నగా లోనికి దిగి, గ్రీజును కడిగివేయును. లోన చిక్కిన ఆయిలు మరల బయటికి రాదు, మారదు. గుండ్లు అరుగును. ఇరుసు ఊగును. గొలుసు లెక్క తప్పును. అప్పుడు పిస్టన్లు వాల్వులను ఢీకొనును. ఇంజను క్షణములో తుక్కగును. మరియొక ఇంజను వేయించు వ్యయము పలుమార్లు కారు వెలనే మించును.

అట్లని ప్రతి బండికిని ఈ గతి పట్టదు. అధిక భాగము సుఖముగా తిరుగుచున్నవి. తొలినాళ్ల బండ్లలో రెండు వరుసల గుండ్లున్న బేరింగు ఉండెడిది. అది కొంత మేలు. రమారమి 2000 నుండి 2005 వరకు ఒంటి వరుసది వేసిరి. పేచీ ఎక్కువగా వీనితోనే. 2006 నుండి 2008 వరకు వచ్చినది పెద్దది, గట్టిది. కాని ఇంజనును రెండుగా విప్పనిదే బయటికి రాదు. 2009 నాటి కొత్త ఇంజన్లలో ఆ ఇరుసే లేదు. ఆ కాలపు టర్బో, జీటీ3 కార్ల ఇంజను వేరు. వానికీ బాధ లేదు. అమెరికాలో కొనుగోలుదారులు వ్యాజ్యము వేయగా 2013లో రాజీ కుదిరినది. 2001 మే నుండి 2005 ఫిబ్రవరి వరకు తయారైన బండ్లకు అది వర్తించినది. దాని గడువు ఏనాడో తీరినది. కావున నేడు కొనువాడు తన కంటిని, తన మెకానిక్కును నమ్ముకొనవలసినదే.

ఇక ఆ 40 వేల మైళ్ల మాట. సంతలో ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి వయసు చెప్పుదుము. కారుకు మైళ్లే పండ్లని మనవారి భావము. ఈ ఇంజను విషయమున అది పొరపాటు. ఇరువది ఏండ్లు షెడ్డులో ముసుగు క్రింద నిద్రించి, పండుగకొకమారు బయటికి వచ్చు బండిలో ఆయిలు పాతబడును, తేమ చేరును. వారమువారము పరుగెత్తి, వేళకు ఆయిలు మార్పించుకొన్న లక్ష మైళ్ల బండిని నేను ఎక్కువగా నమ్ముదును.

చూడవలసిన వానిలో మొదటిది ఆయిలు ఫిల్టరు. దానిని విప్పి, కాగితపు మడతలు పరచి, వెలుతురులో చూడవలయును. గోధుమరంగు ప్లాస్టిక్ పొట్టు కనబడినచో అది గొలుసు ఆనుకొని జారు పట్టాలది. అంత భయము లేదు. మెరయు రజను ఉండి, అయస్కాంతమునకు అంటుకొనినచో ఆ బండికి నమస్కరించి వచ్చుట మేలు. ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ ఆయిలు చెమ్మ ఉన్నదేమో చూడవలయును. ప్లగ్గు రంధ్రము గుండా సన్నని కెమెరా దింపి సిలిండరు గోడలపై గీతలను వెదకుటయు మంచిదే. క్లచ్చి మార్చునప్పుడు గేరుపెట్టె ఎట్లును దిగును గనుక, తెలిసినవారు అప్పుడే బేరింగును కూడ మార్పింతురు. ఆ రసీదు ఉన్నదా అని అడుగవలయును.

మా వాడు వెళ్లి, ఫిల్టరు విప్పించెదనని అమ్మకందారుతో అన్నాడట. "రేపే ఇంకొకరు డబ్బు తెస్తున్నారు, మీకు అంత అనుమానముంటే వద్దు" అని ఆయన సమాధానము. మా వాడు తిరిగి వచ్చినాడు. రెండు రోజులు నాపై అలిగినాడు కూడ.

నెల తరువాత మరల ఫోను. "మామయ్యా, ఇది 2002ది. లక్షా పదివేల మైళ్లు. ముందు బంపరు రంగు పోయింది, సీటు చిరిగింది. కాని ఒక అట్టపెట్టె నిండా బిల్లులున్నాయి." బేరింగు బిల్లు ఉన్నదా అన్నాను. ఉన్నదన్నాడు, క్లచ్చితో పాటే వేయించిరట. ఆయిలు మార్చిన తేదీలు చదువుమన్నాను. అతడు చదువుచుండగా ఇక్కడ మా ఇంటిలో అన్నము చల్లారినది.